కోళ్లు, మేకలు ఉన్న ఇంటికి కుక్కను ఎంచుకోవడం ఎలా

"అక్కా, కోడిని ముట్టని కుక్క జాతి ఏదైనా ఉంటే చెప్పు." కొత్తగా కోళ్లు పెట్టుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. మాది వనపర్తి వైపు పల్లె. మా చెలకలో నాటుకోళ్లు, కొన్ని వనరాజా రకం కోళ్లు, మేకలు, రెండు బర్రెలు ఉన్నాయి. వాటి మధ్య ఎప్పుడూ ఒక కుక్క తిరుగుతూనే ఉంటుంది. మా అత్తగారిల్లు గొర్రెల ఇల్లు. మా మామ కోతలు అయిపోయాక మందతో వలస వెళ్లేవాడు, రాత్రిళ్లు రైతుల పొలాల్లో మంద పెట్టేవాడు. కుక్కల గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆయన నేర్పిందే. మిగతాది చదివి, చూసి నేర్చుకున్నాను.

నేను చెప్పే జవాబు ఒకటే. జాతి పేరు అడగడం తప్పు కాదు, కానీ దాని దగ్గరే ఆగిపోవద్దు. ఆ కుక్క తాతముత్తాతలు ఏ పని చేశాయి, దాని తల్లి ఏ మందలో పెరిగింది, పిల్లగా మొదటి మూడు నాలుగు నెలలు ఏ జీవాల మధ్య గడిపింది, ఈ మూడూ కలిపి చూడాలి. జాతి వల్ల మొదటి సంగతి మాత్రమే తెలుస్తుంది.

కుక్కలో వేట ఎక్కడ ఉంటుంది

వేట అంటే ఒక్క పని కాదు, ఒకదాని వెనక ఒకటి వచ్చే కొన్ని పనులు. ముందు చూపు నిలుపుతుంది. తర్వాత ఒళ్లు వంచి పొంచి నడుస్తుంది. తర్వాత తరుముతుంది, పట్టుకుంటుంది, కొరికి చంపుతుంది, చీల్చి తింటుంది. తోడేలులో ఇవన్నీ ఉంటాయి. మనిషి వేల ఏళ్లుగా ఒక్కో పనికి ఒక్కో రకం కుక్కను పెంచుతూ వచ్చాడు కాబట్టి, ఒక్కో జాతిలో ఈ పనుల్లో కొన్ని పెరిగాయి, కొన్ని తగ్గాయి. మీ ఇంటికి వచ్చే కుక్కలో ఏవి పెరిగి ఉన్నాయో తెలిస్తే కోళ్ల దగ్గర అది ఏం చేస్తుందో ముందే చాలావరకు ఊహించవచ్చు.

కంటితో చూసి పరుగెత్తి పట్టే కుక్కలను తీసుకోండి. కర్ణాటక బాగల్‌కోట్ జిల్లా ముధోల్ కుక్క, తమిళనాడు చిప్పిపారై, కన్ని, ఉత్తరాది రాంపూర్ కుక్క ఈ కోవలోవి. రాజపాళయం అడవిపందుల వేటకు పేరు పడ్డది. 2020 ఆగస్టులో ప్రధాని మోదీ 'మన్ కీ బాత్'లో దేశీ కుక్కల గురించి చెప్పాక మన ఊళ్లలో కూడా ముధోల్ పిల్లల కోసం అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. దేశీ జాతులను కాపాడుకోవాలన్న ఆలోచన నాకు ఎంతో ఇష్టం. ముధోల్ మన ఎండకు తట్టుకుంటుంది, ఒంటి మీద వెంట్రుక తక్కువ, జబ్బులూ తక్కువే. కానీ కుందేలును తరిమి పట్టడానికే తయారైన కుక్క అది. కోడి రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తిందంటే దాని కాళ్లు ఆగవు. చిన్నప్పటి నుంచి కోళ్లలోనే పెరిగి, వాటి జోలికి పోని ముధోల్‌లు లేకపోలేదు. అయినా మొదటిసారి కుక్కను పెంచేవాళ్లకు, కోళ్లు విడిగా తిరిగే ఇంటికి నేను వద్దనే చెబుతాను. కంచె వేసి కోళ్లను లోపలే ఉంచేవాళ్లయితే ఆలోచించవచ్చు.

జర్మన్ షెపర్డ్, బోర్డర్ కోలీ వంటివి మందను తోలే కుక్కలు. వీటిలో చూపు, పొంచడం, తరమడం బాగా పెరిగాయి, చంపడం తగ్గింది. అందుకే చాలామంది 'షెపర్డ్ కదా, గొర్రెలకు మంచిదే' అనుకుంటారు. తోలడం వేరు, కాయడం వేరు. నేర్పే మనిషి, రోజంతా పని ఉంటే ఈ కుక్కలు అద్భుతంగా పనిచేస్తాయి. ఆ రెండూ లేకుండా పెరట్లో వదిలితే పని తామే వెతుక్కుంటాయి. మేకల చుట్టూ తిరుగుతూ మడమలు కొరుకుతాయి, కోళ్లను ఒక మూలకు తోలి నిలబెడతాయి. చూడి మేకను ఎండలో అలా పరుగెత్తిస్తే ఈసుకుపోయే, అంటే కడుపు పోయే ప్రమాదం ఉంది. గుడ్లు పెట్టే కోడి టెన్షన్‌తో గుడ్లు మానేస్తుంది. కరవకపోయినా నష్టం నష్టమే.

లాబ్రడార్ నెమ్మదైన కుక్క, పిల్లలతో బాగుంటుంది. కాకపోతే కాల్చిన పక్షిని నోట కరచుకుని తేవడం దాని పూర్వీకుల పని. కోడిపిల్ల కనిపిస్తే నోట్లో పెట్టుకుంటుంది. చంపాలని కాదు, ఆడుకోవాలని. కోడిపిల్లకు ఆ తేడా తెలియదు. బీగిల్, డాష్‌హండ్, టెర్రియర్లు చిన్న జంతువులను వెతికి పట్టే కుక్కలు, కోళ్లున్న చోట వద్దు. మనవాళ్లు పొమేరియన్ అని పిలిచే తెల్ల స్పిట్జ్ అలికిడి అయితే బాగా అరుస్తుంది. పెద్ద కోళ్లతో సాధారణంగా సర్దుకుంటుంది కానీ కోడిపిల్లల దగ్గర కనిపెట్టుకుని ఉండాలి.

ఇక అచ్చంగా మంద కాపలాకే పుట్టిన జాతులున్నాయి. టర్కీ కంగల్, ఇటలీ మరెమ్మా, ఫ్రాన్స్-స్పెయిన్ కొండల గ్రేట్ పైరెనీస్, మన హిమాచల్ గద్దీ కుక్క, జమ్మూకశ్మీర్ బకర్వాల్ కుక్క. వీటిలో పొంచడం, తరమడం దాదాపు అణగిపోయి ఉంటాయి. ఇవి గొర్రెల మధ్యనే పడుకుని బయటి నుంచి వచ్చేదానికి ఎదురు నిలబడతాయి. ఆస్ట్రేలియాలో వార్నంబూల్ ఊరి దగ్గర మిడిల్ ఐలాండ్ అనే చిన్న దీవిలో నక్కలు చిన్న పెంగ్విన్లను తినేస్తుంటే 2006 నుంచి మరెమ్మా కుక్కలను కాపలా పెట్టారు. ఆ ఆలోచన ఇచ్చింది తన కోళ్లకు మరెమ్మాను కాపలా పెట్టుకున్న ఒక రైతు. పక్షులకు కుక్క కాపలా కాయగలదా అని ఎవరైనా అనుమానపడితే నేను ఈ సంగతే చెబుతాను.

మరి అవే తెచ్చుకోవచ్చు కదా అంటే, మన దగ్గర వద్దు. వాటి ఒంటి మీద చలికొండల కోసం రెండు పొరల బొచ్చు ఉంటుంది. మే నెలలో 44 డిగ్రీల ఎండలో ఆ కుక్క నీడ వదిలి రాలేదు, మందను ఎక్కడ కాస్తుంది? కంగల్ బొచ్చు కాస్త పొట్టిదే అయినా అది చాలా పెద్ద కుక్క, చేతగాని వాళ్ల దగ్గర ఉంటే మనుషులకే ప్రమాదం. ఇంత దూరం నుంచి ఇంత ఖర్చు పెట్టి తెచ్చే పనేమీ లేదు. మనకు కావలసింది మన దగ్గరే ఉంది.

కొల్లేటి జోనంగి

ఆంధ్ర వైపు వాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. కొల్లేరు చుట్టుపక్కల జోనంగి అనే కుక్క ఉంది, కొల్లేటి జాగిలం అని కూడా అంటారు. పొట్టి నున్నటి వెంట్రుక, నుదుటి మీద ముడతలు. మామూలు కుక్కలా అరవడం తక్కువ, సాగదీసి రాగం తీసినట్టు కూస్తుంది. చిన్న జంతువుల వేటకు వాడినా, అక్కడి బాతుల పెంపకందార్లు ఇదే కుక్కతో బాతుల మందలను తోలించుకున్నారు. నీళ్లలో, బురదలో రెక్కలున్న మందను నొప్పి తగలకుండా నడిపించిన తెలుగు కుక్క అది! కొల్లేట్లో చేపల చెరువులు పెరిగి బాతుల మందలు తగ్గిపోయాక కుక్కకు పని పోయింది, సంఖ్యా పడిపోయింది. ఇప్పుడు దాన్ని నిలబెట్టాలని కొంతమంది శ్రద్ధగా పెంచుతున్నారు. మీకు దొరికితే, తల్లిదండ్రులు పక్షుల మధ్య పెరిగినవేనని కళ్లతో చూసి తీసుకోండి. కోడిని చూడకుండా ఫ్లాట్‌లో పెరిగిన జోనంగి పిల్లకు వేట బుద్ధే ముందుకొస్తుంది. గుంతలు తవ్వే అలవాటు దీనికి ఎక్కువ, కాబట్టి కోళ్ల గూటి అడుగున రాళ్లు పరచండి. ఇది ఒక మనిషికి, ఒక ఇంటికి అంటిపెట్టుకునే కుక్క. పెద్దయ్యాక చేతులు మారితే తట్టుకోలేదు.

మంద వెంట తిరిగే నాటు కుక్క

తెలంగాణ, రాయలసీమ మెట్టలో ఉన్నవాళ్లకు నా సలహా నాటు కుక్క. వీధి కుక్కను పట్టుకురమ్మని కాదు. గొల్ల కురుమల మంద వెంట తరాలుగా నడుస్తున్న కుక్కల సంతానం కావాలి. వాటికి జాతి పేరు లేదు, కాగితాలు లేవు. కానీ గొర్రెను కరిచిన కుక్కను ఏ కాపరీ మందలో ఉంచుకోడు, దాని పిల్లలనూ పెంచడు. అలా ఏరి ఏరి మిగిలిన రక్తం అది. మా మామ ఆ మాటే చెప్పేవాడు: "కుక్కపిల్లను చూడకు బిడ్డా, తల్లి ఎక్కడ పండుకుంటదో చూడు."

నేను ఇప్పటికీ అలాగే చూస్తాను. పొద్దుగూకాక మంద దొడ్డికి చేరే వేళ వెళ్లండి. తల్లి కుక్క గొర్రెల పక్కన పడుకుంటుందా, మనుషుల గుడారం దగ్గర పడుకుంటుందా? గొర్రెపిల్ల దాని మీద నుంచి దూకితే ఏం చేస్తుంది? గొర్రెలు దాన్ని చూసి బెదురుతాయా, పట్టించుకోకుండా నెమరేస్తాయా? ఈ చివరిదాన్ని నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్ముతాను. కుక్క సంగతి యజమాని కన్నా గొర్రెకు బాగా తెలుసు. మిమ్మల్ని చూసి తల్లి లేచి అరిచి, కాపరి ఊరుకోమనగానే ఊరుకుంటే మంచి తల్లి. కాపరి మాట కూడా వినకుండా మీదికి వస్తే ఆ కాన్పు వద్దు. మందలో ఉన్న కుక్కకు కోళ్ల అలవాటు ఉందో లేదో కూడా అడగండి. గొర్రెలను కాచే కుక్క కోడిని కూడా కాస్తుందని అనుకోవద్దు. దానికి తెలిసిన జీవం గొర్రె. కోడిని విడిగా అలవాటు చేయాలి.

పిల్లల్లో ఏది? తల్లి పాలు మానేసి, ఎనిమిది వారాలు నిండినదాన్ని తీసుకోండి. అంతకన్నా ముందు తల్లి నుంచి విడదీస్తే ఎంత గట్టిగా కొరకాలో, ఎక్కడ ఆపాలో నేర్చుకోదు. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలు కూడా ఎనిమిది వారాల్లోపు పిల్లను అమ్మకూడదనే చెబుతాయి. అలాగని ఆరు నెలల వరకూ ఆగొద్దు. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు కుక్కపిల్ల తన చుట్టూ ఉన్నవాటిని 'మావాళ్లు'గా రాసుకునే కాలం. అమెరికాలో రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు 1970ల నుంచి మంద కాపలా కుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేసి గట్టిగా చెప్పింది కూడా ఇదే: కాపలా కుక్క అవ్వాలంటే పిల్లగా ఉన్నప్పుడే జీవాల మధ్య పెరగాలి.

చిన్న పరీక్ష ఒకటి చేస్తాను. తాడుకు గుడ్డ పీలిక కట్టి పిల్లల ముందు నేల మీద గబగబా లాగుతాను. అన్నీ పరుగెత్తుతాయి, అది వయసు. నేను చూసేది తర్వాత సంగతి. గుడ్డను పట్టుకుని తల విదిలించి విదిలించి వదలని పిల్లను తీసుకోను. ఒళ్లు బిగబట్టి, తల దించి, కదలకుండా గుడ్డనే చూసే పిల్లనూ తీసుకోను. కాసేపు తరిమి, వాసన చూసి, విసుగొచ్చి వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చునేది నాకు కావాలి. గిన్నె కింద పడేసి చప్పుడు చేస్తే బెదిరి మళ్లీ తేరుకుని వచ్చేది ఇంకా మంచిది. బెదిరి మూలకు చేరి రానిది పెద్దయ్యాక భయంతో కరుస్తుంది.

ఆడదా మగదా అంటే, ఆడ కుక్క ఇంటిని వదిలి తిరగడం తక్కువ. అయితే ఎదకు వచ్చినప్పుడు ఊళ్లోని మగ కుక్కలన్నీ మీ చెలకలో చేరతాయి. మీ కుక్క కోళ్లను ముట్టకపోయినా ఆ గుంపు ముడుతుంది. అందుకే ఏదైనా సరే పశువుల డాక్టరుతో మాట్లాడి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి. ఇంకో మాట, ఒక ఈడు పిల్లలను రెండిటిని ఒకేసారి తేవద్దు. ఒంటరిగా కోడి జోలికి పోని కుక్క జతలో తరమడం మొదలుపెడుతుంది.

ఇంటికి తెచ్చాక

మొదటి వారాల్లో పిల్ల పడుకునే చోటు కోళ్ల గూడు పక్కనే ఉండాలి, మధ్యలో జాలీ ఉండాలి. వాసన, చప్పుడు, రెక్కల కదలిక అన్నీ దానికి మామూలైపోవాలి. తర్వాత తాడు కట్టి కోళ్ల మధ్యకు తీసుకెళ్లండి. కోళ్లకు గింజలు వేస్తూ మీరు కూర్చోండి, పిల్ల కూడా కూర్చోవాలి. అది కోడిని చూసి మళ్లీ మీ వైపు చూడగానే ఒక ముక్క రొట్టె ఇవ్వండి. చూపు కోడి మీదే నిలిచిపోతే, తోక బిగుసుకుంటే, అక్కడి నుంచి లేచి దూరం నడవండి. తరమడం మొదలయ్యాక తిట్టడం ఆలస్యమే. చూపు దగ్గరే ఆపాలి.

పిల్లల కోడి ఉంటే సగం పాఠం అదే చెబుతుంది. మా కుక్క మల్లి చిన్నప్పుడు కోడిపిల్ల దగ్గరికి మూతి పెట్టిందో లేదో, తల్లికోడి ఎగిరి ముక్కు మీద పొడిచింది. ఆ తర్వాత మల్లి కోళ్ల గంపకు చుట్టు తిరిగి పోయేది. కుక్కపిల్ల కళ్లకు దెబ్బ తగలకుండా మీరు పక్కన ఉండండి, అంతే. వనరాజా, గ్రామప్రియ వంటి కోళ్లు పెంచేవాళ్లు ఇంకాస్త జాగ్రత్త పడాలి. నాటుకోడి ఎగిరి చెట్టెక్కుతుంది, వనరాజా బరువుతో ఎగరలేదు, దాని పిల్లలను వెనకేసుకొచ్చే తల్లి ఉండదు.

ఇంట్లో చిన్నపిల్లలు సరదాకు 'ఉస్కో' అని కోడి మీదికి కుక్కను తోలతారు. మిగతావి ఎలా ఉన్నా దీన్ని మాత్రం మొదటి రోజే గట్టిగా ఆపండి. ఆటగా నేర్చిన తరమడం మాన్పించడం చాలా కష్టం.

ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ప్రమాదకాలం. అప్పటిదాకా బుద్ధిగా ఉన్న కుక్క ఒక్కసారిగా బలం తెలిసి ఆటలు మొదలుపెడుతుంది. ఈ కాలంలో మీరు లేనప్పుడు దాన్ని కోళ్లతో వదలొద్దు, మేకలు ఈనే రోజుల్లో దొడ్డిలో ఉంచొద్దు. రోజంతా గొలుసుకు కట్టేయడం మందు కాదు, కట్టిన కుక్కకు కసి పెరుగుతుంది. పొద్దున, సాయంత్రం మేకలతో పాటు నడిపించండి. రెండేళ్లు నిండాక గానీ కాపలా కుక్కను పూర్తిగా నమ్మకూడదు.

తిండి, మందులు

మాంసం వండే ఇంటి కుక్క కోడిని తింటుందనేది సరికాదు. వండిన మాంసం, గుడ్డు పెట్టవచ్చు. ఎముకలు తీసేయాలి, వండిన కోడి ఎముక విరిగి గొంతులో గుచ్చుకుంటుంది. మేం జొన్న గటకలో మజ్జిగ కలిపి పెడతాం, వారానికి రెండు మూడు సార్లు గుడ్డు ఉంటుంది. ఈకలతో, పచ్చిగా మాత్రం ఏదీ ఇవ్వొద్దు. కొక్కెర తెగులుతో చచ్చిన కోడిని కుక్కకు పడేయడం ఊళ్లలో మామూలు. దాంతో కుక్కకు కోడి అంటే తిండి అని నేర్పినట్టవుతుంది. లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి. మేక ఈనినప్పుడు పడే మావిని కూడా అలాగే పూడ్చాలి.

గొర్రె, మేక కోసినప్పుడు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు కనిపిస్తుంటాయి. వాటిని పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో చిన్న బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క పెంటతో గడ్డి మీద పడి మళ్లీ గొర్రెలకు, మన చేతుల ద్వారా మనకూ చేరి లోపల బుడగలు కడతాయి. గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ పడిపోయే జబ్బుకు కూడా కుక్క పేగుల్లోని ఇంకో రకం బద్దెపురుగే కారణం, దాని బుడగ మెదడులో ఉంటుంది. గొర్రెలు కుక్కను కొట్టకపోయినా, కుక్క గొర్రెను కరవకపోయినా నష్టం ఇలా జరుగుతుంది. కాబట్టి మందలో ఉన్న కుక్కకు ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు మూడు నెలలకోసారి, బరువు చూసి డాక్టరు చెప్పిన మోతాదులో వేయించండి.

రేబిస్ టీకా మూడో నెలలో మొదలుపెట్టి ఏటా వేయించాలి. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పిచ్చికుక్క మేకను కరిచినా దానికీ టీకాలు ఉంటాయి, పశువుల ఆసుపత్రిలో అడగండి. కోలీ రకం కుక్క ఉన్నవాళ్లు గొర్రెలకు ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందు వేసే రోజు దాన్ని దూరంగా కట్టేయండి. ఆ కుక్కల్లో చాలావాటికి ఈ మందు మెదడుకెక్కి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పటికే కోడిని చంపిన కుక్క ఉంటే

చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టి వారం ఉంచితే బుద్ధొస్తుందని కొందరు చెబుతారు. అది క్రూరం, ఫలితమూ ఉండదు. కొట్టినా అంతే. మీరు ఉన్నప్పుడు ముట్టకుండా ఉండటం నేర్చుకుంటుంది, మీరు లేనప్పుడు ముడుతుంది. ఆటలో ఒక కోడిపిల్లను నలిపిన చిన్న కుక్క అయితే మళ్లీ తాడు కట్టి మొదటి నుంచి నేర్పితే మారవచ్చు. వెతుక్కుంటూ వెళ్లి, కంచె దూకి చంపిన పెద్ద కుక్కను మాత్రం కోళ్లతో కలిపే ఆలోచన వదిలేయండి. కోళ్లకు ఆరడుగుల జాలీ వేసి, అడుగున ఒక అడుగు లోతుకు పూడ్చి, కుక్కను బయటి కాపలాకు పెట్టుకోండి. అలాంటి కుక్క రాత్రి జాలీ చుట్టూ తిరిగితే ముంగిస, అడవిపిల్లి, నక్క దగ్గరికి రావు. ఆ స్థలం లేకపోతే కోళ్లు, మేకలు లేని ఇల్లు చూసి, జరిగినదంతా దాచకుండా చెప్పి ఇవ్వండి.